ఒక్క తూటాకు రెండు పందులు పడితే సంబురమేనా?



మక్క కంకి పాలు పోసుకునే రోజులొచ్చినయి. ఇప్పుడు చాయ్ హోటల్ కాడ కూసుంటే రెండే ముచ్చట్లు. ఒకటి యూరియా, రెండోది అడవిపందులు. పందుల ముచ్చట కాసేపటికి తుపాకీ ముచ్చట అయితది. ఇగ తుపాకీ మాట వచ్చిందంటే ఎవరో ఒకరు తప్పకుండా అంటరు, "ఫలానా ఊళ్ళె ఒక్క తూటాకు రెండు పందులు పడ్డయట" అని. ఆ మాట పక్క ఊరికి పోయేసరికి మూడు పందులయితయి. మండలం దాటేసరికి ఐదు. తూటా ఎక్కడో ఆగుతది గానీ ముచ్చట ఆగదు.

నేను గూడ నవ్వుకుంటనే వింట. కానీ ఈసారి మన చుట్టుపక్కల ఊర్లల్ల "షూటర్లను పిలిపిద్దాం" అనే మాట గట్టిగ వినబడుతున్నది. అందుకే దీని గురించి కొంచెం పొడుగ్గా రాస్తున్న. ఓపిక చేసి చదవండి.

ఒక్క దెబ్బకు రెండు పిట్టలు అనే సామెత మనకు తెలివికి గుర్తు. చేనులో అది నిజంగా తెలివే. పత్తిలో కంది వేసుకుంటే ఒకే దుక్కికి రెండు పంటలు. బర్రెను పెట్టుకుంటే పాలూ వచ్చె, పెంటా వచ్చె. కానీ తుపాకీ కాడికి వచ్చేసరికి సామెత తిరగబడుతది. ఎందుకంటే రెండోది మనం గురి చూసింది కాదు.

ముందుగాల పాత కాలం సంగతి చెప్త. మా తాతతోని తిరిగిన వేటగాళ్ళ దగ్గర భర్మార్ తుపాకులు ఉండేవి. గొట్టం మూతి నుంచి మందు పోయాలె, పీచు కూరాలె, సన్న ఇనుప ముక్కలో సీసం గుండ్లో వేయాలె, మళ్ళ పీచు పెట్టి కడ్డీతో దంచాలె. ఒకసారి పేలిస్తే మళ్ళ నింపేసరికి పిట్ట ఇంకో ఊళ్ళె ఉంటది. మందు కొనుక్కునేదానికి చేతిలో పైసలు ఉండేవి కావు. అందుకని కౌజు పిట్టలు గింజలకు గట్టు మీదికి వస్తే ఒక్క పిట్టను చూసి పేల్చేవాళ్ళు కాదట. నాలుగైదు వరుసలో పడేదాకా ఊపిరి బిగబట్టి కూసునేటోళ్ళు. "నా తుపాకీ ఒకసారి మొరిగితే నాలుగు కౌజులు" అని మీసం తిప్పేది అందుకే.

అంటే ఆ గొప్ప గురి నుంచి వచ్చింది కాదు, పేదరికం నుంచి వచ్చింది. మందు పొదుపు అది. ఇంకో సంగతి గూడ మా తాత చెప్పేటోడు. పడ్డ పిట్టలను అందరు లెక్కబెట్టేది, గుండు తగిలించుకొని ఎగిరిపోయి ఏ పొద కిందనో చచ్చిన పిట్టలను ఎవ్వరు లెక్కబెట్టలేదు అని.

ఇది మన కాడనే కాదు. అమెరికాల ఒకప్పుడు ప్యాసింజర్ పావురాలు అని ఉండేవి. ఆకాశం కమ్మేసేటన్ని గుంపులు. గుంపులకు తుపాకీ ఎత్తి గురి లేకుండా పేల్చినా ఒక్క కాల్పుకు బోలెడు రాలేవి. వలలేసి పట్టిండ్రు, చెట్ల మీది గూళ్ళు కొట్టిండ్రు, రైళ్ళల్ల మోసి పట్నాలల్ల అమ్మిండ్రు. కోట్లల్ల ఉన్న జాతి. 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో ఆఖరి పావురం చచ్చిపోయింది. ఒక్క కాల్పుకు ఎన్ని రాలినయి అని గొప్పలు చెప్పుకున్న కాలంల ఆ లెక్క అడిగినోడు లేడు.

సరే, ఇగ మన పందుల కాడికి వద్దాం. పంది పావురం కాదు, తరిగిపోయే జాతి కాదు, పంట తినే జంతువు అంటరు. నిజమే. ఒక్క రాత్రి గుంపు దిగితే అర ఎకరం మక్క నేలమట్టం. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. మంచె మీద డబ్బా కొట్టుకుంట తెల్లవార్లు కూసున్నోనికే ఆ బాధ తెలుస్తది. పట్నంల కూసొని "జంతువులను చంపొద్దు" అనుడు అలక.

చట్టం గూడ పూర్తిగ చేతులు కట్టేయలేదు. 1972 వన్యప్రాణి చట్టంల 11వ సెక్షన్ ఉన్నది. పంటకు, ప్రాణానికి ముప్పు తెచ్చే జంతువును చంపేందుకు అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇయ్యొచ్చు. 2021ల మన తెలంగాణ సర్కారు పందుల విషయంల సర్పంచులకు ఆ అధికారం ఇచ్చింది, అదీ ఎంపిక చేసిన షూటర్లతోనే కాల్పించాలని. 2022ల కేరళ గూడ పంచాయతీ పెద్దలకు ఇట్లాంటి అధికారమే ఇచ్చింది. అంటే తుపాకీ ఊరికి వచ్చుడు ఇప్పుడు కొత్త సంగతి కాదు. వచ్చినంక అది ఎట్ల పేలుతదన్నదే అసలు సంగతి.

రెండేండ్ల కింద మా పక్క ఊర్లె అట్ల అనుమతి తీసుకొని ఒక షూటర్‌ను పిలిపించిండ్రు. చేన్ల దారులు తెలిసినోళ్ళం కాబట్టి మేము నలుగురం వెంట పోయినం. మంచె మీద ఆయన, కింద గట్టు వెనక మేము. రాత్రి పదకొండు దాటినంక మక్కల చప్పుడు మొదలైంది. గుంపు చేను అంచుకు వచ్చింది. ఆయన తుపాకీ ఎత్తుతడు, దించుతడు. మళ్ళ ఎత్తుతడు, దించుతడు. పది నిమిషాలు ఇదే పని. మాకు పాణం ఆగుతలేదు. "ఏందీయన, జాతర చూడ వచ్చిండా" అని ఒకడు గొణిగిండు.

ఆఖరికి పేల్చిండు. పెద్ద ఆడపంది అక్కడికక్కడే కూలింది. దాని పక్కనే ఇంకో పంది, సగం వయసుది, అది గూడ కూలింది. ఇగ మావోళ్ళ ఈలలు, కేకలు చూడాలె. "ఒక్కటే దెబ్బ! రెండు!" ఫోన్లు బయటికి వచ్చినయి. ఒకడు అప్పుడే స్టేటస్ పెట్టిండు.

ఆయన మాత్రం మంచె దిగలేదు. "ఎవ్వరు కదలకుండ్రి, లైట్లు ఆపుండ్రి" అన్నడు. పావుగంట అట్లనే కూసున్నడు. తరువాత దిగి, టార్చిలైట్ నేలకు పెట్టి, కూలిన పందుల చుట్టు పెద్ద రౌండు కొట్టిండు. ఇరవై అడుగుల అవతల మక్క ఆకు మీద మోకాలెత్తున నెత్తురు. అది మూడో పంది. పక్కన ఉన్న పత్తి చేనులకు పోయింది.

అప్పుడు మాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ పత్తిలో తెల్లారితే పన్నెండు మంది ఆడోళ్ళు కలుపుకు రావాలె. గుండు తగిలిన పంది పత్తి సాలు మధ్యల పడుకొని ఉంటే కనబడదు. కాలు దాని మీద పడేదాకా తెల్వదు. కొడవలి పట్టుకొని వంగి పని చేసే మనిషికి పంది కోర సరిగ్గ తొడ ఎత్తున తగులుతది.

అర్ధరాత్రి ఆ చేను ఆసామికి ఫోన్ చేసినం. ఆయన కూలోళ్ళ మేస్త్రీకి చేసిండు. పని బందు. తెల్లారినంక షూటర్, అడవి శాఖ మనిషి, రెండు కుక్కలు, మేము దూరంగ. తొమ్మిదింటికి వాగు ఒడ్డు పొదలల్ల దొరికింది. చావలేదు. కుక్కను చూడంగనే మీదికి వచ్చింది. ఆయన దగ్గర్లనే పేల్చిండు, పడ్డది. ఎవ్వరికి ఏం కాలేదు.

చాయ్ తాగుకుంట ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. "అన్నా, రాత్రి మీరు రెండు పడ్డయని చప్పట్లు కొట్టిండ్రు. నేను చూసి కొట్టింది ఒక్కదాన్నే. మిగిలిన రెండూ నా చేతుల లేనివి. ఆ రెండింటి జాగల దూడ ఉన్నా, మనిషి ఉన్నా గుండుకు ఒక్కటే."

ఇందుల ఉన్న లెక్క చెప్త. పన్నెండు బోరు తుపాకీలో పందికి వాడే తూటాల ఒక్క గుండు ఉండదు, లావు గుండ్లు ఎనిమిదో తొమ్మిదో ఉంటయి. గొట్టం దాటినంక అవి విచ్చుకుంటయి. సుమారుగ గజానికి ఒక అంగుళం చొప్పున అనుకోండి. ముప్పై గజాలకు పోయేసరికి రెండున్నర అడుగుల వెడల్పు. పంది ఒళ్ళు అంత వెడల్పు ఉండదు. అంటే కొన్ని గుండ్లు పందికి తగిలితే కొన్ని పక్కనుంచి పోతయి. అవి ఎక్కడికి పోతయో పేల్చినోనికి గూడ తెల్వదు.

రైఫిల్ అయితే ఇంకో తీరు. ఒక్కటే తూటా, కానీ మొదటి జంతువును చీల్చుకొని అవతలికి పోతది. ఎముకకు తగిలితే దారి మార్చుకుంటది. తగలకుంటే కిలోమీటర్లు పోతది. చిన్న 22 బోరు తూటాల డబ్బాల మీదనే ఒకటిన్నర మైలు దాకా పోతది జాగ్రత్త అని రాసి ఉంటది. పెద్ద రైఫిల్ సంగతి మీరే అనుకోండి. మన చేన్లు ఎట్ల ఉంటయి? ఒకని మక్క అవతల ఇంకొకని వరి. దాని గట్టు మీద మోటరు ఆన్ చేయడానికి వచ్చినోడు, రాత్రి కరెంటు కోసం బాయి కాడ పండుకున్నోడు, కొట్టంల కట్టేసిన ఎడ్లు. అడవిల తూటా తప్పితే చెట్టుకు తగులుతది. చేన్ల తూటా తప్పితే ఎవరికి తగులుతదో చెప్పలేం.

పందుల నడక గూడ చూడండి. పెద్ద మగపంది మామూలుగ ఒంటరిగ తిరుగుతది. గుంపుగ వచ్చేది ఆడపందులు, పిల్లలు. తల్లి ముందు నడుస్తది, పిల్లలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు ఆనుకొని వస్తయి. కాబట్టి గుంపు మీద పేలిస్తే రెండు మూడింటికి తగలడం గొప్ప కాదు, తగలకపోవడమే వింత. గొప్ప ఏందంటే ఒక్కటి విడిగా, అడ్డంగా, వెనక మట్టి కనబడేటట్టు నిలబడేదాకా ఆగుడు. ఆ రాత్రి ఆయన పది నిమిషాలు తుపాకీ ఎత్తి దించింది అందుకే. అంత ఆగినా మక్క నీడల రెండు కనబడలేదు. చేయి తిరిగినోని కాడనే ఇట్ల అయితే, తాగి మంచె ఎక్కి నాటు తుపాకీ పేల్చేటోని సంగతి ఏంది?

ఇంకో చిన్న సంగతి, చానా మందికి తెల్వదు. రాత్రి టార్చిలైట్ వేస్తే కుక్క, నక్క, జింక, ఆవు, బర్రె కండ్లు మెరుస్తయి. వాటి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటది. పంది కంట్లో ఆ పొర లేదు. దాని కండ్లు అట్ల మెరవవు. కాబట్టి మక్కల రెండు కండ్లు ధగధగ మెరిసినయంటే అది పంది కాకపోవడానికే అవకాశం ఎక్కువ. తప్పిపోయిన దూడ కావొచ్చు, ఎవరి కుక్కో కావొచ్చు. "కండ్లు కనబడ్డయి, కొట్టిన" అనేటోని మాట నమ్మకండి.

మనకు రామాయణంల రెండు బాణాలు ఉన్నయి. ఒకటి కొడుకుది, ఒకటి తండ్రిది. సుగ్రీవునికి నమ్మకం కలగాలని రాముడు ఒక్క బాణంతో ఏడు చెట్లను చీల్చిండు. అందరం చప్పట్లు కొడతం. కానీ రామునికి ఆ ఏడు చెట్లూ పట్టపగలు కండ్ల ముందు కనబడుతున్నయి. ఆయన తండ్రి దశరథుడు చీకట్ల, సరయూ నది ఒడ్డున, చప్పుడు విని బాణం వేసిండు. ఏనుగు నీళ్ళు తాగుతున్నదనుకున్నడు. అక్కడ ఉన్నది కుండ ముంచుతున్న పిల్లగాడు. కొడుకు పోయిండని గుడ్డి తల్లిదండ్రులు పోయిండ్రు. వాళ్ళ శాపంతో, పుత్రశోకంతో ఆఖరికి దశరథుడూ పోయిండు. ఒక్క బాణానికి నాలుగు ప్రాణాలు. గురిలో ఆయనకు సాటి లేడు, చప్పుడుకు కొట్టగలిగేటంత మొనగాడు. లేనిది వెలుతురు.

ఇప్పుడు అసలు భయపెట్టే సంగతికి వస్త. తుపాకీ కన్నా ఎక్కువ మంది చేసేది కరెంటు తీగ. మోటరు స్టార్టర్ నుంచి వైరు లాగి చేను చుట్టు జానెడు ఎత్తున కట్టుడు, లేకుంటే పైన పోయే లైనుకే కొక్కెం తగిలించుడు. తుపాకీ పట్టుకున్నోడు కనీసం ఒకదాన్నన్న చూస్తడు. తీగ దేన్నీ చూడదు. ఎవరు తాకితే వాళ్ళనే కొడతది, రాత్రంతా కొడుతనే ఉంటది. పందికి పెట్టిన తీగకు పక్క చేను రైతు పోయిన వార్త, తండ్రిని లేపబోయి కొడుకు గూడ పోయిన వార్త మనం పేపర్ల చదువుతనే ఉన్నం. తీగ పెట్టినోడే మర్చిపోయి తాకి పోయిన ఇండ్లు గూడ ఉన్నయి. ఒక్క దెబ్బకు రెండు అంటే అసలు అర్థం ఆ ఇండ్లకు పోతే తెలుస్తది. నాటు బాంబు అంతే, గుళికల మందు కలిపిన ఎర అంతే. 2020ల కేరళల కడుపుతో ఉన్న ఏనుగు పేలుడు మందు పెట్టిన కాయ కొరికి నోరు పగిలి నీళ్ళల్ల నిలబడి చచ్చింది. అట్లాంటి కాయలు అక్కడ పందులకే పెడతరు. వచ్చింది ఏనుగు.

"అయితే ఏం జెయ్యాలె? చేతులు ముడుచుకొని కూసోవాలెనా?" అని మీరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్న. నాకు తెలిసింది చెప్త.

పందిని చంపుడు ఒక్కటే పంటను కాపాడదు. ఒక ఆడపంది ఈతకు నాలుగైదు పిల్లలను పెడుతది. రాత్రికి రెండు కొట్టినమని సంబురపడితే అడవి ఖాళీ కాదు. ఇంకోటి, అనుమతితో కొట్టిన పంది గూడ చట్టం ప్రకారం సర్కారు ఆస్తి. మాంసం మనది కాదు. కాబట్టి రెండోది పడితే మనకు లాభం పైసా లేదు, బాధ్యత మాత్రం రెట్టింపు.

పంటను కాపాడేది అడ్డం. సోలార్ జట్కా మిషన్ సెకనుకు ఒకసారి చిన్న దెబ్బ ఇస్తది. పంది ఎగిరి పారిపోతది, మనిషి తాకితే తిట్టుకుంటడు గానీ బతుకుతడు. దానికీ కరెంటు తీగకూ పోలికే లేదు. ఒక్కనికి భారమైతే ఐదుగురు కలిసి ఒక చుట్టు వేసుకుంటే ఎకరానికి ఖర్చు తగ్గుతది. మక్క చుట్టు కొన్ని వరుసలు ఆముదం, పల్లి చుట్టు ముండ్ల కుసుమ వేసుకొమ్మని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెప్తనే ఉన్నరు. ఏదో ఒక్కటే పట్టుకుంటే పంది నాలుగు రోజులల్ల అలవాటు పడుతది, మార్చుకుంట పోవాలె.

అన్నీ చేసినా ఆగక, కాల్పించక తప్పదనుకుంటే ఈ మాటలు గ్రామసభల రాయించుకోండి:

1. చేతిలో రాతపూర్వక అనుమతి ఉండాలె. నోటి మాట చెల్లదు. ఇప్పుడు అమలుల ఉన్న నిబంధన ఏందో అడవి రేంజి ఆఫీసుల ముందే అడగాలె.

2. కాల్చే రాత్రి చుట్టు అర కిలోమీటరు దాకా ఉన్న ప్రతి రైతుకు పొద్దుగాలనే కబురు పోవాలె. రాత్రి కరెంటు వేసేటోళ్ళకు, గొర్ల మంద ఆపినోళ్ళకు మరీ ముఖ్యం. దూరం తక్కువయింది అనుకుంటే పెంచుకోండి.

3. మంచె మీది నుంచి కిందికి, తూటా మట్టిల దిగేటట్టు పేల్చాలె. గట్టు మీదికి, ఆకాశానికి ఎదురు పేల్చొద్దు.

4. గుంపు మీద పేల్చొద్దు. విడిగ ఉన్న ఒక్కదాన్ని చూసి, దాని వెనక ఏముందో చూసి పేల్చాలె. కనబడకుంటే ఆ రాత్రికి తుపాకీ దించుకొని ఇంటికి పోవుడే.

5. పేల్చినంక నెత్తురు జాడ వెతకకుండా ఎవ్వరు పోవద్దు. జాడ దొరికితే ఆ దిక్కు చేన్లల్ల తెల్లారి పని బందు. ఆ రోజు కూలి ఎవరు భరించాలెనో గూడ ముందే మాట్లాడుకోండి, పేదింటి ఆడోళ్ళ మీద వేయకండి.

6. షూటర్‌ను తొందర పెట్టొద్దు. "ఇంకా కొట్టవేంది" అని వెనక నుంచి గొణిగేటోళ్ళను ఇంటి కాడనే ఉంచండి. తాగినోణ్ణి దగ్గరికి రానియ్యొద్దు.

ఈ ఆరింట్ల ఐదోది మన చానా ఊర్లల్ల జరుగుతలేదు. పంది పడంగనే ఫొటో, తరువాత నిద్ర. తెల్లారి కలుపుకు పోయే అక్కలకు రాత్రి తుపాకీ పేలిందన్న సంగతే తెల్వదు. వచ్చే వారం మీ ఊర్ల మీటింగు ఉంటే కనీసం ఆ ఒక్క మాటన్న లేవనెత్తండి. కూలోళ్ళ మేస్త్రీ ఫోన్ నంబరు షూటర్ జేబుల ఉండాలె. ఇంతే నేను అడిగేది.

మీ చేను పచ్చగుండాలె, మీ ఇంటోళ్ళు చల్లగుండాలె. ఉంట మరి, మోటరు కాడికి పోవాలె.